వాగులో ఆగే జీపు

మేస్త్రికి కోపం వస్తే చేతిలో పానా ఎగురుతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం నీళ్లోడుతూ జీపు వచ్చి షెడ్డు ముందు ఆగగానే, ఎదురుగా టైర్ల కొట్టు పెట్టుకున్నవాడు తన స్టూలు కాస్త లోపలికి జరుపుకున్నాడు. పానా ఎగరలేదు. మేస్త్రి దాన్ని బల్లమీద పెట్టి, గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుని, "మళ్లీనా?" అన్నాడు. అంత మెల్లగా అడిగాడంటే వ్యవహారం ముదిరిందని అర్థమై టైర్లవాడు స్టూలు ఇంకాస్త లోపలికి జరిపాడు.

"మళ్లీనే బావా," అన్నాడు బావమరిది జీపు దిగుతూ. ప్యాంటు నడుం దాకా తడిసి కాళ్లకు అతుక్కుపోయింది. ట్రాక్టరుతో లాగించిన తాడు ఇంకా ముందు బంపరుకు వేలాడుతోంది.

"ఎక్కడ?"

"అక్కడే. వాగు మధ్యలో."

"గట్టెక్కాక?"

"గట్టెక్కాక కాసేపాగి తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఇక్కడిదాకా తనే వచ్చింది."

నిజమే, షెడ్డు ముందు ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. దగ్గు లేదు, రొప్పు లేదు. మేస్త్రికి అదే ఒళ్లు మండించింది. చెడిపోయిన ఇంజన్ మీద ఆయనకెప్పుడూ కోపం రాదు. చెడిపోయి, తన దగ్గరికి రాగానే బుద్ధిమంతురాలిలా నటించే ఇంజన్ అంటేనే మంట.

ఆ జీపు వాగు అవతలి కాలనీవాళ్లది. వాగు మీద వంతెన లేదు. కడతామన్నవాళ్లు చాలామందే వచ్చారు, చూశారు, కొలిచారు, వెళ్లారు. ఇక లాభం లేదని కాలనీ జనమే తలా కొంత వేసుకుని ఓ పాత పెట్రోలు జీపు కొన్నారు. బరువుకి జడవదు, గుంటలకి బెదరదు, నాలుగు చక్రాలూ లాగుతాయి. ఆసుపత్రికైనా, కాలేజీకైనా, బజారుకైనా వాళ్లకి అదొక్కటే దారి. దాన్ని నడిపేది మేస్త్రి బావమరిది. బాగుచేసేది మేస్త్రి.

బావమరిదికి ఆ కాలనీ జనం పెట్టిన పేరు జాగ్రత్త. ఎక్కేవాళ్లకి "మెట్టు జాగ్రత్త" అంటాడు. పైనున్న ఇనుప కడ్డీ తగలకుండా "తల జాగ్రత్త" అంటాడు. దిగేటప్పుడు "సంచి జాగ్రత్త, గొడుగు జాగ్రత్త" అని వెనకనుంచి ఒకటే అప్పగింతలు. ముసలివాళ్లకి ముద్దు, కుర్రకారుకి నవ్వులాట. పొద్దున్నే గట్టుమీద నిలబడి, "జాగ్రత్త వచ్చాడా?" అని అడుగుతుండేవాళ్లు. ఆ పేరుకి అతను నొచ్చుకున్నట్టు ఎవరికీ గుర్తు లేదు.

అక్క పెళ్లయిన ఏడాదికే తల్లీ తండ్రీ పోతే, చిన్న సంచితో మేస్త్రి ఇంటికి వచ్చినవాడు అతను. మేస్త్రి పని నేర్పుదామని చూశాడు. నట్టు బిగించమంటే మర చెడగొట్టేవాడు, వైరు కలపమంటే వేలు కాల్చుకునేవాడు. తల ప్రాణం తోకకొచ్చి ఒకరోజు, "పోనీ బండి నడుపు చూద్దాం," అని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. పక్కన కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. గేరు మారిన చప్పుడే లేదు. "నీ చేతులు దేనికీ పనికిరావు గానీ, కాలు మాత్రం బంగారం రా," అన్నాడు. మేస్త్రి జీవితంలో ఎవరినైనా మెచ్చుకున్నాడంటే ఆ ఒక్కసారే. బావమరిది ఆ మాటని ఇన్నేళ్లూ నెత్తిన పెట్టుకునే తిరుగుతున్నాడు.

ఇక జీపు సంగతి. కిందటి వానాకాలంలో పెట్రోల్లో నీళ్లు కలిసి బండి ఆగితే, ట్యాంకు మొత్తం దింపి కడగాల్సి వచ్చింది. వాగు నీళ్లు ట్యాంకు మూత మీదికి చిమ్మాయన్నమాట. మూత సరిగ్గా బిగించలేదని మేస్త్రి నలుగురిలో బావమరిదిని నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టి మర్చిపోయాడు కూడా. ఆయన తిట్లకి అదే అలవాటు, వచ్చినంత వేగంగా పోతాయి. ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఇది కొత్త జబ్బు. వాగులోకి దిగేదాకా బాగానే ఉంటుంది, సగానికి వెళ్లేసరికి ఊపిరాడనట్టు గింజుకుని చస్తుంది.

మేస్త్రి ఊరుకోలేదు. మొదటిసారి తడి వల్ల నిప్పురవ్వ పుట్టడం లేదనుకుని ప్లగ్గులూ వైర్లూ మార్చాడు. వాటికి కరెంటు పంచే మూత చుట్టూ గ్రీజు దట్టించాడు. రెండోసారి ఆగితే, ముందున్న ఫ్యాను నీళ్లని ఇంజన్ మీదికి ఎగజిమ్ముతోందని అడ్డంగా రబ్బరు షీటు కట్టాడు. ఆ తర్వాత గాలి పీల్చే గొట్టాన్ని అద్దం పక్కనుంచి పైకప్పుదాకా ఎత్తి పెట్టాడు. చివరికి ఆ జీపు, ముక్కు పైకెత్తుకుని ఎటో చూస్తూ నడిచే మనిషిలా తయారైంది. అయినా ఆగింది.

ఈసారి ఆగినప్పుడు బండిలో కాలనీకంతా బట్టలు కుట్టే టైలరమ్మ ఉంది. ఒంట్లో రక్తం శుభ్రం చేయించుకోవడానికి ఆమె వారం వారం ఆసుపత్రికి వెళ్లాలి. నడుంలోతు నీళ్లలో ఆమెని ఇద్దరు చేతుల మీద మోసుకొచ్చి గట్టుకి చేర్చారు.

"కాలనీ సంఘం పెద్ద ఏమన్నాడు?" అని అడిగాడు మేస్త్రి.

బావమరిది తాడు విప్పుతూ తలెత్తలేదు. "మేస్త్రినైనా మార్చాలి, డ్రైవర్నైనా మార్చాలి అన్నాడు."

మేస్త్రికి ఆ మాట ముల్లులా దిగింది. తనని మార్చడమా? పట్నంలో పెద్ద షెడ్లవాళ్లు చేతులెత్తేసిన బండ్లు తన దగ్గరికి నడిచొస్తాయి. అలాంటి తనని, ఓ వాగు పుణ్యమా అని!

ఆ సాయంత్రం గొట్టంతో ఇంజన్ మీద నీళ్లు కొట్టి చూశాడు. ఇంజన్ తడిసి ముద్దయింది గానీ ఆగలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. ప్రతి భాగమూ తన పని తాను చేసుకుపోతోంది. మర్నాడు బండి తీసుకుని ఒక్కడే వాగుకి బయల్దేరాడు. బావమరిదిని ట్రాక్టరు మీద వెనక రమ్మన్నాడు. "నువ్వు పక్కనుంటే నీ భయం నాకూ అంటుకుంటుంది," అన్నాడు నవ్వుతూనే. ఆ నవ్వులో పుల్లవిరుపు ఉందని బావమరిదికి తెలిసింది.

వాగులో దిగాడు, దాటాడు. తిరిగి వస్తూ కావాలనే నడిమధ్యన ఆపి, ఇంజన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తి చూశాడు. మళ్లీ అవతలికి వెళ్లి సంఘం పెద్దనీ మరో నలుగురినీ ఎక్కించుకుని వచ్చాడు. బండి దర్జాగా దాటింది. ఇవతలి గట్టు మీద, ట్రాక్టరు పక్కన, బావమరిది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మరి లోపం ఎక్కడయ్యా మేస్త్రీ?" అన్నాడు సంఘం పెద్ద. గోరు గిల్లుకుంటూ నిదానంగా మాట్లాడే మనిషి.

అప్పుడు మేస్త్రి ఆ మాట అన్నాడు. అనకముందు ఆలోచించలేదు. ఆలోచించి మాట్లాడే అలవాటే ఉంటే ఆయన మేస్త్రి అయ్యేవాడు కాదు, సంఘం పెద్ద అయ్యేవాడు.

"ఇంజన్లో ఏ లోపమూ లేదండీ. లోపం కాలిలో ఉంది. నీళ్లు చూడగానే మావాడి కాలు వణుకుతోంది. యాక్సిలరేటరు మీంచి తీసేస్తున్నాడు, బండి ఆగిపోతోంది. అంతే."

ఎవరో కిసుక్కున నవ్వారు. "జాగ్రత్త మరీ ఎక్కువైపోయిందన్నమాట," అన్నారు ఇంకెవరో. నేను కాలు తియ్యలేదు అని బావమరిది అనలేదు. ఒక్కసారి మాత్రం తల వంచి తన కుడికాలి వంక చూసుకున్నాడు. ఇంతకాలం తెలిసిన మనిషి ఎవరో ఉన్నట్టుండి పరాయివాడై కనబడ్డట్టు చూశాడు.

వచ్చే వారం నుంచి కొత్త డ్రైవరు వస్తాడనీ, అందాకా మేస్త్రే ఎలాగో బండి తిప్పాలనీ సంఘం పెద్ద అక్కడికక్కడే తేల్చేశాడు.

ఇంట్లో మేస్త్రికి ఆ రాత్రి భోజనం దొరికింది, మాట దొరకలేదు. భార్య కంచం పెట్టి, నీళ్లు పెట్టి, అవతలి గదిలోకి వెళ్లిపోయింది. ఆయన కాసేపు కెలికి, "ఇప్పుడు నేనేం తప్పు మాట్లాడాననీ?" అని గోడనడిగాడు.

సమాధానం గోడకి అవతలి నుంచి వచ్చింది. "వాడి కాలు వణికితే వాడితో చెప్పాలి. పదిమందిలో చెప్పాలా?"

"పదిమందిలో అడిగారు, పదిమందిలో చెప్పాను."

"మీకు నోరుంది. వాడికి లేదు. వాడికున్నదల్లా ఆ కాలే."

మేస్త్రి కంచం ముందునుంచి లేచాడు. వసారాలో మెట్టు మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. జీపు తాళం గోడకున్న మేకుకి తగిలించేసి ఉంది. ఆయన వచ్చింది అతను చూడలేదు. కుడిపాదంతో నేలని మెల్లగా నొక్కుతున్నాడు, వదులుతున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. కాలు తన మాట వింటుందో లేదో పరీక్ష పెట్టుకుంటున్నాడని మేస్త్రికి తెలిసిపోయింది. ఏదో ఒకటి అందామనుకున్నాడు. దగ్గి, లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాతి రోజుల్లో మేస్త్రి షెడ్డు పని పక్కన పెట్టి జీపు తిప్పాడు. ఒక్కసారీ ఆగలేదు. ఆగనందుకు సంతోషించాల్సింది పోయి, ప్రతిసారీ గట్టెక్కగానే ఆయనకి నోరు చేదయ్యేది. బండి దాటిన ప్రతిసారీ తన మాట నిజమవుతోంది. ఆ మాట నిజమయ్యేకొద్దీ ఇంట్లో ఒక మనిషి కుంచించుకుపోతున్నాడు. బావమరిది వీధిలోకి రావడం మానేశాడు. అక్క బజారుకి పంపితే సైకిలు కూడా నడిపించుకుంటూ వెళుతున్నాడని టైర్లవాడు చెప్పాడు.

ఈలోగా పై ఎత్తున ఎక్కడో వాన పడి వాగు ఒక్కసారిగా పొంగి తీసింది. పొంగు తీశాక అడుగున రాళ్లు చోటు మారి ఉంటాయి. ఏ రాయి ఎటు కదిలిందో, చక్రం ఎక్కడ మోపాలో గట్టు మీంచి నీటి సుడి చూసి చెప్పగలిగింది బావమరిది ఒక్కడే. మేస్త్రికి ఆ చూపు లేదు. ఆ రోజు టైలరమ్మ ఆసుపత్రికి వెళ్లితీరాలి.

"రారా, పక్కన కూర్చుని దారి చూపించు చాలు," అన్నాడు మేస్త్రి.

"వద్దులే బావా. నా భయం నీకంటుకుంటుంది." ఎత్తిపొడుపుగా అనలేదతను. నిజంగానే నమ్మి అన్నాడు. అందుకే మేస్త్రికి అది మింగుడు పడలేదు. చివరికి అక్క చెబితే వచ్చాడు. పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, కాళ్లు సీటు కిందికి ముడుచుకుని కూర్చున్నాడు.

ఎండ పెళపెళలాడుతోంది. పొగగొట్టం వేడి ఒక పక్క, ఎండ ఒక పక్క, బండి వెనక భాగమంతా పెనంలా కాలుతోంది. వాగు కనబడే మలుపు దగ్గర బావమరిది, "బావా, ఒక్క నిమిషం ఆపు," అన్నాడు. ఆపితే దిగి వెనక్కి వెళ్లాడు. తాడు ఉందో లేదో చూసుకుంటున్నాడనుకుని మేస్త్రి విసుగ్గా స్టీరింగ్ మీద వేళ్లతో దరువేశాడు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎక్కాడు. దిగువకి పొడవైన వాలు దిగి వాగులోకి ప్రవేశించారు.

"ఎడమకి బావా. ఆ నురగ దగ్గరికి వెళ్లకు. ఇక తిన్నగా."

నీళ్లు చక్రాల మీదికెక్కాయి, మెట్టు మునిగింది. అవతలి గట్టు మీద టైలరమ్మ గొడుగు కింద కూర్చుని ఉంది. పక్కన సంఘం పెద్ద, ఇంకొందరు. మేస్త్రి కాలు యాక్సిలరేటరు మీద నిలకడగా ఉంది. సరిగ్గా నడిమధ్యకి వెళ్లేసరికి ఇంజన్ ఒక్క కుదుపు కుదిపింది. గింజుకుంది. ఇంకోసారి గింజుకుని ఆగిపోయింది.

నీటి హోరు ఒక్కసారిగా చెవుల్లో పడింది. మేస్త్రి కిందికి చూశాడు. తన కాలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఇంకా నొక్కే ఉంది.

పక్కనున్నవాడు చూశావా అనలేదు. నీళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు. అంటే బావుండునని మేస్త్రి ప్రాణం కొట్టుకుంది. నాలుగు తిట్టినా హాయిగా ఉండేది.

"మేస్త్రీ! ఏమైందీ?" అని అవతలి గట్టునుంచి కేక.

ఆయన తాళం తిప్పాడు. ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. నీళ్లలోకి దిగి, ముందు చక్రం మీది రేకు మీదికి ఎగబాకి బానెట్ ఎత్తాడు. "తిప్పరా," అన్నాడు. ఒక ప్లగ్గు వైరు లాగి ఇనుముకి దగ్గరగా పెడితే టప్‌మని నీలి రవ్వ ఎగిరింది. కరెంటు ఉంది. గాలి గొట్టం పొడిగా ఉంది. ఇక మిగిలింది పెట్రోలు. కార్బురేటరు దగ్గర పైపు ఊడదీసి మళ్లీ తిప్పమన్నాడు. చివ్వున పెట్రోలు చిమ్మాలి. తడి చుక్క కూడా రాలేదు. పొద్దున్నే తనే దగ్గరుండి ట్యాంకు నిండా పోయించాడు. నిండు ట్యాంకు ఉండగా ఇంజన్‌కి గుక్కెడు పెట్రోలు అందడం లేదు.

ఆ క్షణంలో, చెప్పుకోవాలంటే, మేస్త్రికి ఆనందం కలిగింది. దొంగ దొరికిన ఆనందం. పైపు తిరిగి బిగించి, బండిని పట్టుకుంటూ వెనక్కి నడిచాడు. ట్యాంకు మూత వెనక చక్రం పైన, నీళ్లకి జానెడెత్తులో ఉంటుంది. చెయ్యి చాపి ఆగిపోయాడు.

మూత కనబడలేదు. దాని మీద పాలిథిన్ కవరు, మడతలు సరిచేసి రెండు పొరలుగా కప్పి ఉంది. దాని చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు, ఒక్క చుట్టు కూడా వదులు లేకుండా, పొందిగ్గా బిగించి ఉంది. వైరు కలపడం చేతకాని చేతులు ఇంత బాగా కట్టగలవని ఆయనెన్నడూ అనుకోలేదు.

"ఎవడు కట్టాడురా ఇది?"

"నేనే బావా." బావమరిది సీటు మీంచి వెనక్కి వంగాడు. మేస్త్రి కత్తి తీయడం చూసి కంగారుపడి నీళ్లలోకి దూకి వచ్చేశాడు. "ఇక్కడ విప్పకు! జాగ్రత్త, నీళ్లు పడతాయి!" రెండు అరచేతులూ మూతకి అడ్డం పెట్టాడు.

మేస్త్రి ఆ చేతుల్ని పక్కకి తప్పించి రబ్బరు కోశాడు. కవరు లాగి మూత తిప్పగానే, ఎంతోసేపు నీళ్లలో మునిగి పైకి లేచిన మనిషిలా ట్యాంకు గాలిని బొళుక్కున గుటకేసింది.

ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు. మేస్త్రికి అంతా తెలిసిపోయింది. ఆయన ఆనందం అక్కడితో సరి.

"ఎప్పట్నుంచి కడుతున్నావు?"

"ఈ ఏడు వానలు మొదలైనప్పట్నుంచి. నిరుడు నువ్వు తిట్టి, చుక్క నీళ్లు ట్యాంకులోకి పోయినా ఊరుకోనన్నావు కదా. మలుపు దగ్గర కడతాను, గట్టెక్కగానే విప్పేస్తాను. కవరు ఎండకి పాడైపోతుందని."

"నాకెందుకు చెప్పలేదురా?"

బావమరిది అర్థం కానట్టు చూశాడు. "చెప్పడానికేముంది బావా? నువ్వు చెప్పిందే కదా చేస్తున్నాను."

మేస్త్రి మూతని తిరగేసి చూపించాడు. మధ్యలో సూదిమొనంత రంధ్రం ఉంది. "పెట్రోలు బయటికి పోయినంత మేర గాలి లోపలికి రావాలి. ఇదిగో, ఇందులోంచి వస్తుంది. నువ్వు దీన్ని మూసేశావు. ఎండకి కాగిన ట్యాంకు చన్నీళ్లలో దిగేసరికి లోపలున్న గాలి ఇంకా ముడుచుకుపోతుంది. ఇక పెట్రోలు కదలదు. ఇంజన్ ఎంత పీల్చినా రాదు." చెబుతూ చెబుతూనే ఆయనకి మిగతాదీ తెలిసొచ్చింది. తను ఒక్కడే వచ్చినప్పుడు ఈ కవరు కట్టినవాడు లేడు. అందుకే ఆగలేదు. ఇంజన్ని అడగని చోటు లేదు, స్క్రూడ్రైవరు పెట్టి మరీ అడిగాడు. దాన్ని నడిపేవాడిని మాత్రం, నువ్వేం చేస్తావురా అని ఒక్కసారి అడగలేదు.

బావమరిది మూత మీదికి వంగి ఆ రంధ్రాన్ని వేలితో తడిమి చూశాడు. నీళ్లు అతని నడుం చుట్టూ తిరిగి పోతున్నాయి.

"అయితే నా కాలు?"

"నీ కాలికేం, బానే ఉంది."

"అన్ని రోజులూ బానే ఉందా?"

మేస్త్రి తల ఊపాడు. ఊపడానికి కూడా సిగ్గేసింది.

మూత మామూలుగా బిగించి, కవరు జేబులో కుక్కుకున్నాడు. తాళం తిప్పితే ఇంజన్ రెండు దగ్గులు దగ్గి అందుకుంది. స్టీరింగ్ ముందునుంచి దిగి, "ఎక్కు. నువ్వు నడుపు," అన్నాడు.

"వద్దు బావా."

"నీ బండి. నువ్వే నడపాలి."

ఎక్కాడు. కాలు పెట్టాడు. ఇంజన్ శబ్దం పెరిగింది, తగ్గింది, పెరిగింది, తగ్గింది. మేస్త్రికి చూడనక్కర్లేదు, చెవికి తెలిసిపోయింది. అయినా చూశాడు. తడిసిన ప్యాంటులో మోకాలి కిందినుంచి ఆ కాలు వణుకుతోంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ వణకని కాలు.

"ఇప్పుడు నిజంగానే వణుకుతోంది బావా," అన్నాడు బావమరిది. ఏడుపు లేదు, కోపం లేదు. జరుగుతున్నది చెప్పాడంతే. "నువ్వన్నాక మొదలైంది. ఇంట్లో కూర్చున్నా వణుకుతోంది."

క్షమించమని అడగడం మేస్త్రికి రాదు. ఎలా అడుగుతారో ఎప్పుడూ చూడలేదు కూడా. ఆయనకి తెలిసినదల్లా, బిగుసుకుపోయిన బోల్టుని మాటలతో బతిమాలితే కదలదని. నీళ్లు చీల్చుకుంటూ జీపు ముందుకి వెళ్లాడు. బంపరుకి ఎదురుగా నిలబడి, బండి వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి పిలిచాడు.

"రా. నా మీదికే రా."

"తప్పుకో బావా!"

"తప్పుకోను. నేను వెనక్కి నడుస్తాను, నువ్వు నా వెంటే రా. నీ కాలు జారితే నా మీదికే గదా జారేది. రా."

అవతలి గట్టు మీద జనం లేచి నిలబడ్డారు. "మేస్త్రీ, మతి పోయిందా? వాడి కాలు..." అని సంఘం పెద్ద అరిచాడు.

మేస్త్రి వెనక్కి తిరక్కుండానే అరిచాడు. "వాడి కాలికి ఏ రోగమూ లేదు! లోపం ట్యాంకు మూతలో ఉంది, దాన్ని మూయించింది నా నోరు! వినబడిందా? నా నోరు!"

హోరులో ఎంత వినబడిందో ఏమో. జీపు కదిలింది. ఒక మూర, ఇంకో మూర. ఆయన వెనక్కి అడుగులేస్తున్నాడు, బంపరు ఆయన వెంట వస్తోంది. ఇంజన్ శబ్దంలో వణుకు ఇంకా ఉంది. ఆయన కళ్లు అద్దం వెనకున్న ముఖం మీంచి కదల్లేదు. అందుకే కాలి కింద రాయి చూసుకోలేదు.

జారి వెల్లకిలా పడ్డాడు. నీళ్లు ముఖం మీద కప్పుకున్నాయి. ప్రవాహం ఆయన్ని చక్రం వైపే నెట్టింది. అయిపోయింది అనుకున్నాడు. భార్య ముఖం ఒకటి కళ్లముందు మెదిలింది. చేతికి రబ్బరు తగిలింది, చక్రం. అది తిరగడం లేదు.

దాన్నే పట్టుకుని లేచాడు. జీపు నిలిచి ఉంది. ఇంజన్ ఆగలేదు. నీళ్లు నిండిన చెవులతో కూడా ఆయనకి స్పష్టంగా వినబడింది. పెరగడం లేదు, తగ్గడం లేదు, ఒకే తీరుగా నడుస్తోంది. బ్రేకు మీద ఒక కాలు, క్లచ్చు మీద ఒక కాలు, నడివాగులో బండిని ఆపి, ఇంజన్ని ఆగనివ్వకుండా నిలబెట్టాడు. ఎంత నేర్పరి డ్రైవరుకైనా అది కష్టమే.

అద్దం వెనక బావమరిది ముఖం పాలిపోయి ఉంది. మేస్త్రి నీళ్లు తుడుచుకుని, మళ్లీ చేతులెత్తి పిలిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. గట్టెక్కేదాకా బంపరుకీ ఆయనకీ మధ్య అదే దూరం ఉంది.

గట్టు మీద సంఘం పెద్ద గోరు గిల్లుకోవడం మర్చిపోయి చూస్తున్నాడు. "కొత్త డ్రైవర్ని రావద్దని చెప్పండి," అన్నాడు మేస్త్రి ఒళ్లంతా నీళ్లు కారుతుండగా. "డ్రైవరు ఉన్నాడు. కావాలంటే మేస్త్రిని మార్చుకోండి." పెద్దాయన ఏదో అనబోయి, స్టీరింగ్ ముందున్న మనిషిని చూసి, సరేనన్నట్టు తల ఊపాడు.

టైలరమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టారు. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెనక ఎక్కుతున్నారు. మెట్టు దగ్గర ఒక ముసలాయన అలవాటుగా ఒక్క క్షణం ఆగాడు, "మెట్టు జాగ్రత్త" అన్న మాట కోసం. మాట రాలేదు. ఆయన మెట్టు తడిమి చూసుకుని ఎక్కాడు. కాలేజీ పిల్ల సంచి లోపలికి తీసుకుంది. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. బావమరిది రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి తిన్నగా వాగు వంకే చూస్తున్నాడు. కాలు వణకడం లేదు. ఇంజన్ చక్కగా మోగుతోంది.

మేస్త్రి అందరికంటే చివర ఎక్కడానికి వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. పైన ఇనుప కడ్డీ ఉంది. ఆయన ఆగడం బావమరిది అద్దంలో చూశాడు. చూసి, కళ్లు మళ్లీ వాగు మీదికి తిప్పుకున్నాడు. లోపలినుంచి ఎవరో తొందరపెట్టారు. మేస్త్రి కడ్డీ తగలకుండా తన తల తనే చూసుకుని, వంగి ఎక్కాడు.